తుడవని పలక

మా తమ్ముడు మాలకొండయ్య మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ మేస్త్రీ. మొండివాడు, భార్య దగ్గర మాత్రం మెత్తన. అది పైకి కనబడకూడదనే మీసం పెంచాడు. ఆ ఫ్యాక్టరీ షెడ్డులోనే నేను పలకలు పెట్టెల్లో సర్దుతాను. వాడి భార్య సరస్వతమ్మ కోత మిషనుకు రాయి అందిస్తుంది.

షెడ్డులో ఎక్కడెక్కడ ప్రమాదముందో, ఎట్లా జాగ్రత్త పడాలో వాడే తిరిగి చూసి, తలుపంత పలక మీద తెల్లరంగుతో రాయించి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. దసరాకు మిషన్లతో పాటు దానికీ పసుపూ కుంకుమా పెట్టాం. ఇక అది దేవుడైపోయింది. మొక్కేవాళ్లే గాని చదివేవాళ్లు లేరు.

పోయిన ఎండాకాలం సరస్వతమ్మకు దగ్గు పట్టుకుంది. పొడిరాయి దుమ్ము మరి. తమ్ముడు యజమాని వెంటపడి, కోసేచోట నీళ్లు పడేలా పైపు పెట్టించాడు. దుమ్ము అణిగింది, దగ్గు తగ్గింది. వాడు మీసం దువ్వాడు. పలక మీద మాత్రం "మూతికి గుడ్డ కట్టుకోండి" అనే ఉంది. కింద చేరే నీళ్ల సంగతి లేదు.

ఒక పొద్దున రాయి అందిస్తూ సరస్వతమ్మ ఆ బురదలో జారింది. తిరిగే చక్రానికి జానెడు దూరంలో ఆగింది చెయ్యి. వాడు ఉరికి వచ్చి మిషను ఆపి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"ఉన్నాయిలే, అన్నీ ఉన్నాయి" అంది ఆమె.

"పైపు నేనే పెట్టిస్తి గదే" అన్నాడు.

"పైపు మంచిదే రా" అన్నాను. "పైపు వచ్చినాక ఇంకేమన్నా మారిందేమోనని మళ్ల చూసినావా? ఎట్ల చూస్తావు, ఆ పలకకు కుంకుమ పెట్టి కూర్చోబెట్టినావు గదా. పలకల ఊర్లో పుట్టి, పలకంటే తుడిచి రాసేదని నేను చెప్పాల్నా?"

"నువ్వూ దండం పెట్టినావు గదక్కా."

"పెట్టినా. నేను రెండో తరగతితో మానినదాన్ని. నీకేమొచ్చింది?"

ఆ రోజే నీళ్లు బయటికి పోయేలా కాలువ తీయించి, ఆమె నిలబడేచోట గరుకుబండ వేయించాడు. తర్వాత కూర్చుని, విరిగిన రంపం ముక్కతో పలక మీది రంగంతా గీకేశాడు. కుంకుమా పోయింది.

ఇప్పుడు పొద్దున్నే మిషన్లు వేయకముందు పలక తుడుస్తాడు. బలపం పట్టుకొని షెడ్డంతా తిరుగుతాడు, సరస్వతమ్మను వెంటబెట్టుకొని.

"ఇయ్యాల ఏం మారింది?" అని అడుగుతాడు.

"నీ మీసం తెల్లబడింది, రాసుకో" అంది మొన్న.

వాడు వినలేదు. ఆమె నిలబడే బండను అరికాలితో రుద్ది చూస్తున్నాడు, నున్నబడిందేమోనని.