జీపుకు శుక్రవారం బొట్టు

దసరా దగ్గరపడే పెరటాసి నెల, మూడో శనివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు. గడియారం చూడటం నాకు అప్పటికే వచ్చు, అక్షరాలే రావు. అవి యాభై దాటాక నేర్చుకున్నాను. రేడియో కట్టేసి నేను బయటికి వచ్చేసరికి మా ఇంటాయన జీపు స్టార్టు చేసి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఎటూ చూడటం లేదు.

మా ఊరు పూతలపట్టు కూడలికి నాలుగు మైళ్లు లోపల. సగం దారిలో ఏరు అడ్డం. నీళ్లు ఏడాదికి నెల రోజులు కూడా ఉండవు, ఇసుక మాత్రం మోకాటి లోతు. మామిడికాయల బండ్లు అందులో దిగితే ఎద్దులు నురగ కక్కేవి. మా ఆయన పదిహేనేళ్లు ఎవరెవరి లారీల మీదో డ్రైవరుగా తిరిగాడు. నెలకు రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ రెండు రోజులూ నిద్రపోయేవాడు. ఆయన ముఖం కంటే వీపే నాకు బాగా తెలుసు.

అట్లాంటి మనిషి ఒకరోజు పాత మిలిటరీ జీపును ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి, ఏటి ఇసుకను అదొక్కటే దాటుతుంది, తోటల నుంచి కాయలు తోలుకుంటే ఇంక లారీ ఎక్కే పని లేదన్నాడు. నేను నమ్మలేదు. అడుగు రేకు తుప్పు పట్టి కోడి దూరేంత బొక్కలు పడి ఉంది. అద్దానికి పగులు. ఒక దీపం ఉంది, ఇంకో దీపం ఉండాల్సిన చోట పిచ్చుక గడ్డి పెట్టుకుంది.

తర్వాత ఆరు నెలలు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఆరు నెలలు నాకు ఇప్పటికీ నిద్రలో జరిగినట్టే ఉంటాయి. కానుగ చెట్టు కింద నా పాత తెల్లచీర పరిచి, ఇంజను ముక్కలన్నీ విప్పిన వరుసలోనే పెట్టేవాడు. ఆకుల సందుల్లోంచి వెలుగు పడి అవి నీళ్ల అడుగున ఉన్నట్టు కదిలేవి. నేను బియ్యం కడిగే బేసిన్లో కిరసనాయిలు పోసి నట్లు కడిగాడు. తిట్టాను. బేసిను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంటి నిండా పెట్రోలు వాసన. అన్నంలో కూడా అదే వాసన, ఎట్లా తిన్నామో, తిన్నాం.

ఇంజను మళ్లీ బిగించాక రోకలి ఒక కొన దానికి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"ఏమ్మే, నువ్వూ ఇను."

చెవి పెట్టాను. ఎక్కడో దూరపు ఊళ్లో పెంకుటిళ్ల మీద వాన పడుతున్నట్టు ఉంది లోపల. ఆ మాటే చెప్పాను. "వానే, అయితే ఒక పెంకు పగిలుండాది" అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండానే. పదిహేనేళ్ల కాపురంలో మేమిద్దరం కలిసి కూర్చుని ఒకే శబ్దం వినడం అదే మొదలు.

శుక్రవారం పూట గడప కడిగి, పసుపు రాసి, ఆ చేత్తోనే జీపుకూ గంధం, కుంకుమ పెట్టేదాన్ని. ముందు రేకుకు ఒకటి, చక్రాలకు నాలుగు. డ్రైవరు పక్కన బయటికి పొడుచుకుని ఉండే పెట్రోలు మూతకు ఇంకొంచెం దట్టంగా. తిండి తినే నోరు అదే కదా అని. ఆ బొట్టును ఎవరూ చెరిపేవారు కాదు. ఆయన మూత అంచులు పట్టుకుని తిప్పి, వేళ్లు కళ్లకద్దుకునేవాడు. బండి బాగుచేయడానికి చిత్తూరు నుంచి సైకిలు మీద వచ్చే మిస్త్రీ సాయిబు. ఆయన కూడా గంధానికి వేలు తగలకుండా మూత తీసేవాడు.

జీపు ఇంటి ముందు అరగంట నిలబెట్టినా చక్కగా ఆడేది. రోడ్డెక్కి రెండు మైళ్లు పోతే దగ్గి ఆగిపోయేది. దిగి, మూత తీసి, పుల్ల ముంచి చూస్తే పెట్రోలు ఉండేది. మూత పెట్టి తిప్పితే స్టార్టయ్యేది. ఇంకో రెండు మైళ్లకు మళ్లీ అదే కథ. కార్బురేటరు విప్పారు. గొట్టాలు నోటితో ఊదారు. పంపులో పొర మార్చారు. ప్లగ్గులు మార్చారు.

"దీనికి రోగం వొంట్లో లేదబ్బా, మనసులో ఉండాది" అన్నాడు మిస్త్రీ.

"అయితే మంత్రగాణ్ణి పిలుస్తా, నువ్వు ఇంటికి పో" అన్నాడు మా ఆయన.

మా బావ, అంటే మా ఆయన అన్న, ఇదంతా చూసి చూసి విసిగిపోయాడు. చిత్తూరులో ఒక లారీ ఓనరుకు తమ్ముణ్ణి పంపిస్తానని మాటిచ్చి వచ్చాడు. "శనివారం నన్ను ఎక్కించుకుని కూడలి దాకా పోయి, నడమ ఆగకుండా తిరిగి రా. వస్తే నీ ఇష్టం. ఆగితే సోమవారం లారీ ఎక్కు" అన్నాడు. మా ఆయన సరే అన్నాడు. అంతకంటే ఏమనగలడు.

అందుకే ఆ శనివారం. బావ ముందు కూర్చున్నాడు, మిస్త్రీ వెనక. నేనూ వెనకెక్కి మా ఆయన వైపు కూర్చున్నాను. సోమవారం పోయే మనిషిని ఇంకాస్త చూసుకోవాలనిపించింది. చూస్తే మళ్లీ వీపే.

ఏట్లోకి దిగాక ఆయన చిన్న పిడి ఒకటి లాగాడు. నాలుగు చక్రాలూ ఇసుకను పట్టుకున్నాయి. బండి నడిచినట్టు లేదు, పడవలో పోయినట్టు ఉంది. రెల్లు వంగి వంగి లేచింది. ఆ ఏరు ఇంకా వెడల్పుగా ఉంటే బాగుండును అనుకున్నాను.

అవతలి గట్టు ఎక్కి, మట్టం మీదికి రాగానే దగ్గింది. ఆగింది.

గట్టు మీద మేకలు మేపుకునే ముసలామె ఒకతి ఉంది. "ఏమప్పా, మీ మిలిటరీకి అలుపొచ్చిందా?" అంది.

ఎవరూ నవ్వలేదు. బావ కండువా దులిపి, "సోమవారం పొద్దున ఆరుకు లారీ. గుడ్డలు సర్దుకో" అన్నాడు.

మా ఆయన దిగి, అలవాటు ప్రకారం మూత తీశాడు. నా పక్కనే. లోపలికి గాలి స్స్ అని పోయింది, చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషి పీల్చినట్టు. ఆ శబ్దం నేనెరుగుదును. నూనె డబ్బాకు ఒకే బొక్క కొడితే కొంచెం కారి ఆగిపోతుంది. పక్క మూల ఇంకోటి కొడితే, ఇట్లాగే గాలి మింగి, నూనె దిగుతుంది.

"ఏమయ్యా, ఆ మూతకు బొక్క యాడుండాది?"

"మూతకు బొక్కేందే?"

"ఉంటాదక్కా, సన్నది, గాలి పోయేదానికి..." అని మిస్త్రీ మూత అందుకుని, మాట మధ్యలోనే ఆగిపోయాడు. తిప్పి నాకు చూపించాడు. ఆరు నెలల శుక్రవారాలు ఎండి, గట్టిపడి, గోరంత మందాన ఉన్నాయి.

"గీకు" అన్నాడు మా ఆయన.

"నేనెట్లా గీకేదన్నా? దేవుడి బొట్టు."

మా ఆయన కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను దిగి ఇసుకలో కూర్చుని, గాజుకున్న పిన్నీసు తీసి గీకాను. "నేనే పెట్టినా, నేనే తీస్తా" అన్నాను. పెచ్చులు పెచ్చులుగా రాలింది. నువ్వుగింజ కూడా పట్టని బొక్క బయటపడింది. ఊదితే ఈల వేసింది.

బావ వంగి చూశాడు. "అంటే, ఆరు నెలలుగా బండికి ముక్కు మూసింది మీ ఇంటిదా?"

"ముక్కు కాదన్నా, నోరు" అని మా ఆయన ఏటి గట్టున కూర్చుండిపోయి నవ్వాడు. ముసలామె కూడా నవ్వింది.

బావ నవ్వలేదు. "ఆగనైతే ఆగింది. పందెం ఓడినట్టే" అన్నాడు.

"నేను మూసినాను కాబట్టి ఆగింది బావా. ఆయన పనిలో తప్పులేదు. ఈడ నుంచి లెక్కపెట్టు, ఇంకా ఆరు మైళ్లుండాది" అన్నాను. బావ ముందు నేను అన్ని మాటలు ఒక్కసారిగా అనడం అదే మొదలు.

బావ జీపెక్కి కూర్చున్నాడు. కూడలి దాకా పోయాం, తిప్పుకున్నాం. నలుగురమూ దగ్గు కోసమే వింటున్నాం. రాలేదు. చెట్లు, మైలురాళ్లు, చెరుకు తోటలు మెత్తగా వెనక్కి పోయాయి. ఇంటి ముందు దిగి బావ కండువా సర్దుకుని, "లారీ ఓనరుకు నేను సెప్పుకుంటాలే" అన్నాడు.

సోమవారం ఆరు గంటలకు మా ఆయన మంచం మీదే ఉన్నాడు, ముఖం నా వైపు.

ఇప్పుడు ఆ జబ్బు కనిపెట్టింది తానేనని మా ఆయన చెప్తాడు. చిత్తూరులో మిస్త్రీ తానేనని చెప్పుకున్నాడని విన్నాను. తాను గద్దించబట్టే నడిచిందని బావ చనిపోయేదాకా అన్నాడు. ఆ ఉదయం ఏటి గట్టున ఉన్నది మా ఇంటాయన, మా బావ, మిస్త్రీ సాయిబు, మేకల ముసలామె, పిన్నీసు పట్టుకుని ఇసుకలో కూర్చున్న నేను.