కొండవీటి మీద రాణిగారి చెరసాల

పెళ్లయిన నాటి నుంచీ మా అత్తగారికీ నాకూ మధ్య నడిచిన మాటలు పిడికెడు. "ఎప్పుడొచ్చారు అల్లుడుగారూ? అన్నం తిన్నారా?" అని ఆవిడ. "తిన్నాను అత్తయ్యా" అని నేను. నేను ముందుగదిలోకి వస్తే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లేది. అది కోపం కాదు, మర్యాద. వాళ్లది శావల్యాపురం దగ్గర ఒక పల్లె. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోవడం ఆవిడకు చేతకాని పని.

కంట్లో శుక్లాలు తీయించుకోవడానికి ఆవిడ నరసరావుపేట వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లు ఉంది. కట్టు విప్పాక కూడా కొద్ది రోజులు టీవీ చూడొద్దన్నారు డాక్టరు. ఆ గడువు తీరిన రోజు నుంచి, ఆ కొత్త కంటితో, ఒక రాజుల సీరియల్ చూడటం మొదలుపెట్టింది. అందులో రాణిని సొంత మరిదే చెరసాలలో పెడతాడు. రాణి వారాల తరబడి రాతిగోడకు తల ఆనించి ఏడుస్తుంటుంది. అది తీసింది మన కొండవీటి కోటలోనేనని మా ఆవిడ వాళ్ల స్కూల్లో విని వచ్చి చెప్పింది. దాంతో అత్తగారికి ఆ రాణి మన ఊరి పిల్ల అయిపోయింది.

నాది ఫ్లెక్సుల షాపు. పుట్టినరోజులు, సంతాపాలు, నాయకుల స్వాగతాలు, అన్నీ ప్రింటు వేస్తాను. ఒక సాయంత్రం చెప్పులు విప్పుతూ టీవీ వైపు చూశాను. రాణి వెనకాల గోడ మరీ నున్నగా, ఒకే రంగుతో కనిపించింది.

"అది రాతిగోడ కాదత్తయ్యా. ఫ్లెక్సు" అన్నాను, నోరు జారి.

ఆవిడ లేవడం మరిచిపోయింది. "ఏందీ? గోడ ఫ్లెక్సా?"

"నేను రోజూ చూసే సరుకే గదా. అది బట్ట."

"బట్టకి తల కొట్టుకుంటే నుదురు బొప్పి కడతదా? మొన్న ఆ పిల్లకి ఎంత బొప్పి కట్టిందీ!"

"బొప్పి మేకప్పు."

"అన్నీ అబద్ధాలేనంటారు మీరు!" అంది ఆవిడ. నాతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. మరునాడూ అదే వాదన. ఆ పై రోజూ అదే. అన్నం వడ్డిస్తూ కూడా "గోడకి పగులు కనపడింది, చూశారా?" అనేది. చివరికి మా ఆవిడ విసుక్కుంది. "ఇద్దరూ పోయి చూసి రండి. ఆదివారం నాకు పరీక్షల డ్యూటీ ఉంది, నేను రాలేను."

అలా ఒక ఆదివారం పొద్దున్నే అత్తగారు నా స్కూటీ వెనక పక్కకు తిరిగి కూర్చుంది. ఒక చేత్తో వెనక కమ్మీ, ఇంకో చేత్తో పులిహోర డబ్బా. ఫిరంగిపురం దాకా కమ్మీ వదల్లేదు. ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి కమ్మీ వదిలి నా భుజం మీదికి వచ్చింది. "మెల్లగా పోనీ నాయనా" అంది. కొండ పైకి వెళ్లేదాకా ఆ చెయ్యి తీయలేదు.

పైన ఆవిడ దారి అడగలేదు. చెరువు గట్టు చూడగానే గుర్తుపట్టింది. "ఈడే గదా గుర్రం దిగింది!" అంటూ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ముందు నడిచింది. సీతాఫలం పొదల మధ్య నుంచి, కూలిన మెట్ల పక్క నుంచి వెళ్లి ఒక మొండి కట్టడం ముందు ఆగింది.

"ఇదే చెరసాల."

పక్కగోడ కూలిన సందులోంచి లోపలికి వెళ్లి, రాణి తల ఆనించే గోడను అరచేత్తో తట్టింది. నేనూ తట్టాను. రాయి. అచ్చమైన నల్లరాయి. టీవీలో నున్నగా కనిపించింది షూటింగు వాళ్లు పూసిన రంగు వల్ల. అక్కడక్కడా ఇంకా పెచ్చులుగా మిగిలి ఉంది.

"ఫ్లెక్సంటిరి గదా అల్లుడుగారూ!" అని ఆవిడ నవ్వింది. నోరారా నవ్వింది. నాకు సిగ్గు వేయాల్సింది, కానీ నేనూ నవ్వేశాను.

అప్పుడు ఆవిడ చెరసాల తలుపు కోసం వెనక్కి తిరిగింది. అక్కడ తలుపు లేదు. గోడా లేదు. నాలుగో వైపంతా ఆకాశమే. కొండ అక్కడితో దిగిపోయి, కింద పొగాకు, మిరప చేలు, దూరంగా తారురోడ్డు మీద చీమల్లా లారీలు. ఆ వైపునే కెమెరా పెట్టుకుని ఉంటారు. ఆవిడ అంచు దాకా వెళ్లి తొంగి చూసింది. గాలికి కొంగు ఎగురుతోంది.

"ఎదురుగా ఇంత గాలీ వెలుతురూ పెట్టుకుని ఏడ్చిందా ఆ పిల్ల!" అంది. "ఏమాటకామాట, చానా బాగా ఏడ్చింది."

తర్వాత నన్ను ఫోను తీయమంది. గోడకు వీపు ఆనించి నిలబడి, కొంగు నడుముకు దోపి, నేనే ఆ మరిదినన్నట్టు నా వైపు వేలు చూపించింది.

"ఒరేయ్! మీ అన్న ఇంటికి నువ్వు తాళం వేస్తావంట్రా? నీకు కూడొండి పెట్టిన చేతికి సంకెళ్లేస్తావా? రాజ్యం నువ్వే ఏలుకో, నాకేం పన్లేదు. ఆ తాళంచెవి మాత్రం ఈడ పెట్టి పో!"

అటుగా వచ్చిన క్రోసూరు ఆడవాళ్లు ముగ్గురు ఆగి చూస్తున్నారు. వాళ్లూ ఆ సీరియల్ కోసమే వచ్చారట. "రాణి ఈ మాట ఎప్పుడో అనాల్సింది పెద్దమ్మా" అని ఒకావిడ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అత్తగారు వాళ్లందరికీ కోట తిప్పి చూపించింది. ఎక్కడ విషం పెట్టారో, ఎక్కడ గుర్రం బెదిరిందో, ఏదీ వదల్లేదు.

చెరువు గట్టున నీడలో పులిహోర తిన్నాం. నా ఎదురుగానే కూర్చుని తిన్నది.

"నేను వార్డు మెంబరుగా చేశాను, తెలుసా?" అంది.

నాకు తెలియదు. మా ఆవిడ కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"మీటింగులకి మా మరిది పోయేవాడు. ఇంటికి తెచ్చిన కాయితాల మీద నేను సంతకం పెట్టేదాన్ని. ఒకసారి నేనే పోయా. మా బజారుకి కుళాయి కావాలని అడిగా. అడిగింది నేను, అందరూ చూసేది మా మరిది మొకం."

"మరేం చేశారు?"

"ఏం చేస్తా? కుళాయి ఏపిస్తామనే దాకా లెగవనని కూచున్నా. పొద్దుగూకింది. అందరికీ ఆకలయింది." ఆవిడ డబ్బా అడుగున మిగిలిన పులిహోర నా విస్తట్లో పెట్టింది. "ఏపించారు."

ఇంటికి వచ్చాక ఆ వీడియో మా ఆవిడ చూసి, చూసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. బంధువుల గ్రూపులో పెడతానంటే అత్తగారు వద్దనలేదు. "మా మరిదికి కూడా పంపు" అంది.

మొన్న ముగ్గురం బెల్లంకొండ వెళ్లాం. అక్కడ ఏ సీరియలూ తీసినట్టు మేం వినలేదు. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నా ఆగుతూ ఆగుతూ పైదాకా ఎక్కింది. బురుజు చుట్టూ తిరిగి, రాళ్లు తట్టి, ఎండ ఎటు పడుతుందో చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఈడ తియ్యొచ్చు" అని తేల్చింది. "నీడే తక్కువ. ఆ పిల్లకి గొడుగు పట్టే మనిషి ఉంటే చాలు."