తలుపుకు అంటించిన పాత పేజీ

2005. కర్నూలు బస్టాండు దగ్గర ప్రసాద్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకోవడం నా పని. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజులవి. ఏ ర్యాంకు వాళ్లు ఏ ఊరికి పోవాలో వెబ్‌సైట్‌లో పెట్టగానే ప్రసాద్ ఆ పేజీని ప్రింటు తీసి తలుపుకు అంటించేవాడు. అదొక గొప్ప అతనికి.

ఆ రోజు పొద్దున నేను వెళ్లేసరికి పత్తికొండ రైతు తిమ్మప్ప, ఆయన కూతురు సుజాత కౌంటరు ముందు నిలబడి ఉన్నారు.

"మా ర్యాంకులోళ్లకు కౌన్సెలింగ్ కడపకు మార్చినారంట అన్నా. నా స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. రేపు పొద్దున్నే ఆడుండాల" అంటోంది సుజాత.

"కండ్లు కనపడవా పాపా? కర్నూలు అని ఈడ ఎంత బాగా ఉండాది! కంప్యూటర్ అబద్ధం చెప్తాదా?" అని కసిరాడు ప్రసాద్.

తిమ్మప్ప కూడా కూతురి మీదికే లేచాడు. "సారు చెప్తాండాడు కదమ్మా, ఊరకుండు!"

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మాటే నిజమైతే, రేపు కడపలో లేకుంటే సీటు గల్లంతే. రిఫ్రెష్ నొక్కాను. మళ్లీ కర్నూలే.

ఆ సెంటర్ కంప్యూటర్లన్నీ ప్రాక్సీ క్యాష్ మీదుగా నెట్‌లోకి పోతాయి. ఒకసారి తెచ్చిన పేజీని దాచుకుని, తర్వాత అడిగినవాళ్లకు అదే అందించే ఏర్పాటు అది. అయినా రిఫ్రెష్ నొక్కితే కొత్తది తేవాలి. అది రాసుకునే చిట్టా, లాగ్ తెరిస్తే ప్రతిసారీ 'హిట్' అనే ఉంది. అంటే దాచిన పేజీనే ఇస్తోంది, అసలు సైటు గడప తొక్కడమే లేదు. సెట్టింగ్స్‌లో చూస్తే, రిఫ్రెష్‌ను పట్టించుకోవద్దని రాసిపెట్టి ఉంది.

"ఎవరు పెట్టారిది?"

"నేనే పెట్టించినా. రిజల్ట్స్ నాడు జనం ఊరికే రిఫ్రెష్ కొడ్తాంటారు, లైను మొరాయిస్తాది. మా కాడ పేజీ టక్కున రావాలప్పా!"

టక్కున రావాలట! పాచిపోయిన అన్నం కూడా టక్కునే వడ్డించవచ్చు. ప్రాక్సీని తప్పించి సైటును నేరుగా తెరిచాను. కడప!

తిమ్మప్ప ముఖం పాలిపోయింది. "ఇప్పుడు బస్సెక్కితే సాయంత్రానికి చేరుకుంటారు" అని ధైర్యం చెప్పాను. ఆ సెట్టింగ్ తీసేసి, క్యాష్ ఖాళీ చేసి, తలుపు మీది కాగితం పీకబోతే ప్రసాద్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"జనం పోయినాంక తీస్తాలే. ఇప్పుడు తీస్తే పేరు పోతాది."

ఎంత సిగ్గులేని మాట! దాన్ని చూసి ఇంకెంతమంది నిమ్మళంగా ఇంటికి పోయారో? చించి పారేసి, కొత్త పేజీ నేనే అంటించాను.

సుజాత గడప దగ్గర ప్రసాద్ వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పన్నా, కండ్లు కనపడంది ఎవరికి?"



సీటు వచ్చిందని తర్వాత తిమ్మప్ప ఫోన్ చేశాడు. అప్పటినుంచి, తెర మీద ఉన్నది తప్పని ఎవరైనా అంటే, ముందు ప్రాక్సీని తప్పించి చూస్తాను. మనిషిని గద్దించడం ఆ తర్వాతి సంగతి.