నూడిల్‌కి నైవేద్యం

టెక్సస్‌లోని ప్లేనోలో దమయంతి ఇంటి ఫ్రీజర్ తెరిస్తే కొబ్బరి కోరు వెనక, కరివేపాకు కింద, నల్ల కవర్లో చచ్చిన ఎలుకలు ఉండేవి. గుడ్డు కూడా ముట్టని మనిషి ఆవిడ. కూతురు దేదీప్య ఆస్టిన్‌లో కాలేజీకి వెళ్తూ తన పెంపుడు పాము నూడిల్‌ని తల్లికి అప్పగించింది.

"ఈజీ అమ్మా. మౌస్‌ని హాట్ వాటర్‌లో వార్మ్ చెయ్యి, టాంగ్స్‌తో షేక్ చెయ్యి. బతికుందీ అనుకుంటాడు."

నూడిల్ అనుకోలేదు. వారాలు గడిచినా ముట్టలేదు. దమయంతి ఎటు కదిలినా అద్దం వెనక నుంచి రెప్పలేని ఆ కళ్లు తననే ఏదో అడుగుతున్నట్టుండేవి.

దేదీప్యకి ముందు ఆవిడకి రెండు కడుపులు నిలవలేదు. "మీ నాన్న కొట్టి చంపిన పాము ఊరుకుంటుందా?" అంది మేనత్త. ఆ మాట దమయంతి భర్త రాజారావుకి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఈ పాము తన ఇంట్లో పస్తుండి చస్తే, ఆ పాపం పిల్లకి చుట్టుకోదూ?

అందుకని భక్తి పెంచింది. వడ్డించే ముందు తలంటు, అద్దానికి పసుపు బొట్లు, గది నిండా సాంబ్రాణి పొగ. నూడిల్ తల చుట్టల్లో దాచేసుకునేవాడు.

"దేవుణ్ణి చేసి కూర్చోబెట్టావు, ఇంక వాడికి ఆకలేమిటి?" అని నవ్వేవాడు రాజారావు, గుమ్మం అవతలే నిలబడి.

ఒక శనివారం వడ్డించే వేళకి దమయంతి బయట చేరింది. దీపం లేదు, అగరొత్తి లేదు.

"ఈ ఒక్కసారీ మీరు పెట్టండీ."

"డయాపర్లు మార్చాను, టాక్సులు ఫైల్ చేశాను. ఎలుక మాత్రం నా వల్ల కాదోయ్."

తప్పక తనే వెళ్లింది. "ముట్టకూడని రోజు, నాయనా, తప్పు కాయి," అని గొణుగుతూ వెచ్చబెట్టిన ఎలుకను టాంగ్స్ పట్టకారుతో ఆడించింది.

నాలుక బయటికొచ్చింది. పొగ లేని గాలిని తడిమింది. మెడ మెల్లగా లేచింది. తర్వాత ఏం జరిగిందో చూసే లోపే టాంగ్స్ చేతిలోంచి ఎగిరిపోయాయి. దమయంతి కేకకి రాజారావు పరుగెత్తుకొచ్చాడు.

నూడిల్ ఎలుకను చుట్టేసి బిగిస్తున్నాడు. ఎప్పుడో చచ్చినదాన్ని, ఊపిరి ఇంకా మిగిలుందేమోనని, మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. దమయంతి చూపు తిప్పుకోలేకపోయింది.

"ఏమండీ," అంది చివరికి, "దీపూకి ముందు... మా మేనత్త ఒక మాట అంది."

"పాము సంగతేనా?"

ఆవిడ తల తిప్పి చూసింది.

"నాకూ చెప్పింది," అన్నాడు రాజారావు. ఇన్ని నెలల్లో ఆయన ఆ గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదలు.