బావ ఫోను

మా అత్త ఆదివారం మగ్గం ముట్టేది కాదు. బెంగళూరు పక్కన ఆనేకల్‌లో మా వీధంతా పట్టుచీరలు నేసేవాళ్ల ఇళ్లే. మామూలు రోజుల్లో మగ్గాల చప్పుడుకి పక్కింట్లో పెళ్లి జరిగినా వినపడదు. ఆదివారం మాత్రం అత్త ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉండేది. పక్కనే ఉన్న చీరల వ్యాపారి ఇంట్లో ఫోను మోగితే ఆమెకు వినపడాలి. మిలిట్రీలో ఉన్న ఒక్కగానొక్క కొడుకు ఆరోజే ఫోను చేసేవాడు.

ఆ కొడుకు నాకు బావ. నేను పుట్టగానే ఇద్దరికీ ముడిపెట్టేశారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేవాళ్లం, ఒకే కంచంలో తిని ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటూ పెరిగినవాళ్లకి పెళ్లి ఊసెత్తితే నవ్వు తప్ప ఇంకేం రాదని. బావంటే నాకు ప్రాణమే. అయితే మా అన్న ఎలాగో అతనూ అలాగే.

బావ ప్రేమించింది నా స్నేహితురాలిని. బొమ్మసంద్రలో వైర్లు కట్టలు కట్టే ఫ్యాక్టరీలో నా పక్క స్టూలు ఆమెది. పాలమూరు వైపు పిల్ల. అమ్మానాన్నలు వైట్‌ఫీల్డ్‌లో లేస్తున్న పెద్ద పెద్ద బిల్డింగుల దగ్గర కూలిపని చేస్తుంటే, తను చందాపురలో తోటి అమ్మాయిలతో కలిసి రూములో ఉండేది. సెలవుకొచ్చిన బావ ఒకరోజు నన్ను తీసుకుపోవడానికి ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చి ఆమెను చూశాడు. ఇక అప్పట్నుంచి రోజూ నన్ను తీసుకుపోవడానికి తయారు. నా మీద అంత ప్రేమ అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

కులం వేరు, ఊరు వేరు. దసరా సెలవుకి వచ్చినప్పుడు ఇంట్లో తనే చెబుతానన్నాడు బావ. అందాకా మాటలు ఎలా? ఉపాయం నాదే. ఆదివారం ఆమె మా ఇంటికి భోజనానికి వచ్చేది. ఫోను మోగగానే మమ్మల్ని వెంటబెట్టుకుని అత్త పరుగున పోయి, రెండు మాటలు మాట్లాడి, "మీ మరదలు ఈన్నే ఉండాది, మాట్లాడప్పా" అని రిసీవరు నా చేతిలో పెట్టేది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లందర్నీ వంటింట్లోకి తోలుకుపోయేది. చేసుకోబోయేవాళ్లు మాట్లాడుకుంటుంటే పెద్దవాళ్లు అక్కడ ఉండకపోవడం మా వీధిలో మర్యాద. స్నేహితురాలు తోడుగా ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. నేను రిసీవరు ఆమెకిచ్చి గడప దగ్గర కాపలా నిలబడేదాన్ని. ఇంతకంటే మంచి చాటు ఎక్కడ దొరుకుతుందని ముగ్గురం తెగ మురిసిపోయాం.

ఆ ఎండాకాలం చివర్లో టీవీలో కార్గిల్ అనే పేరు వినపడడం మొదలైంది. ఒక ఆదివారం బావ శ్రీనగర్‌లో ఏదో బూత్ నుంచి చేశాడు. వెనకాల జనం తొందర పెడుతున్న గోల నా దాకా వినిపించింది. ఎప్పటిలాగే అత్త రెండు మాటలతో సరిపెట్టుకుని పక్కకు పోయింది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, నా స్నేహితురాలు రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడి ఉంది. మాట్లాడడం లేదు.

"కొండలపైకి పోతుర్రట. ఆడికెల్లి ఫోన్లు చేయరాదట" అంది. రిసీవరు పెట్టేసింది.

అత్త బయటికొచ్చి, "అయిపోయిందా అప్పుడే? నేనుండానని పెట్టేసినారేమో. ఇంగా కొంచేపు మాట్లాడాల్సింది కదా" అంది నాతో.

ఆ తర్వాత ఆదివారాలు వచ్చాయి, ఫోను రాలేదు. అత్త మిగతా రోజుల్లో కూడా మగ్గం ఆపేసింది. సగం నేసిన చీర మగ్గం మీదే దుమ్ము కొట్టుకుపోతోందని పని ఇచ్చిన పక్కింటి వ్యాపారి కేకలేశాడు. "చప్పుడైతే ఫోను వినపడదు కదప్పా" అందట. ఆయన తిరిగి వెళ్లిపోయాడు.

వీధిలో ఆడవాళ్లు నా వెంట పడ్డారు. ఏ గుడికి పోయినా నాకోసం కుంకుమ తెచ్చేవాళ్లు. "నీ రాత గట్టిదే పాపా, వస్తాడులే" అని బుగ్గలు నిమిరేవాళ్లు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ ఓదార్పు నాది కాదని అరవాలనిపించేది. అది ఎవరికి చెందాలో ఆ పిల్ల ఆదివారాలు నా పక్కనే ఒట్టి చేతులతో కూర్చుని ఉండేది. పొద్దున పనికి పోయేటప్పుడు చందాపురలో ఆమె మా బస్సెక్కాక ఆ పొట్లం విప్పి కుంకుమ ఆమె నుదుట పెట్టేదాన్ని. వద్దనేది కాదు.

"ఆయనకేమన్న అయితే మీ ఇంటికి చెప్తరు. మరి నాకెవరు చెప్తరే?" అని ఒకరోజు అడిగింది.

"నేను లేనా?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఎన్నిసార్లు నాలిక్కరుచుకున్నానో.

మా నాన్న ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రావడం ఎన్నడూ లేదు. ఆరోజు వచ్చాడు. సూపర్‌వైజరు నన్ను పిలిచి బావ సంగతి నెమ్మదిగా చెప్పి, ఇంటికి పొమ్మన్నాడు. నేను నా స్టూలు దగ్గరికి తిరిగొచ్చాను. ఆమె చేతిలో వైర్ల కట్ట, సగం టేపు చుట్టింది. నా మొహం చూసింది. నేను చెప్పాల్సిన మాట చెప్పనే లేదు. ఆమె ఆ టేపు చివరిదాకా చుట్టి, కట్టను ట్రేలో పెట్టి లేచింది.

"నువ్వెక్కడికమ్మా? నువ్వేమవుతావు అతనికి?" అన్నాడు సూపర్‌వైజరు. ఆమె నా చెయ్యి పట్టుకుని గేటు దాటింది.

శవపేటిక వచ్చిన రోజు చందాపుర నుంచి మా వీధి దాకా జనమే జనం. దుకాణాలు మూసేశారు, పిల్లలు జెండాలు పట్టుకున్నారు. పెట్టె తెరవకూడదన్నారు మిలిట్రీవాళ్లు. అత్త దాని మీద వాలిపోయి, లేచి, ఉన్నట్టుండి నాకోసం వెతికింది. ఆమె చేతిలో మల్లెపూల దండ ఉంది.

"రా మే. పీటల మింద వేయాల్సిన దండ. ఇట్లన్నా వెయ్యి" అంది.

మా అమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దొదినా, పెండ్లి కావాల్సిన పిల్ల. అందరి ముందర దండేస్తే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?" అంది ఏడుస్తూనే. అత్త చాచిన చెయ్యి అలాగే ఉంది. వీధంతా నన్నే చూస్తోంది. గోడ పక్కన, ఎవరికీ ఏమీ కాని మనిషిలా నా స్నేహితురాలు నిలబడి ఉంది. తెల్లారితే అతను బూడిద. ఆ పెట్టెను ముట్టుకునే అవకాశం ఆమెకు ఇక రాదు.

"నేను కాదత్తా" అన్నాను. "ఆదివారం బావతో మాట్లాడింది నేను కాదు. ఇదిగో, ఈమె." ఆమెను చెయ్యి పట్టి ముందుకు లాక్కొచ్చాను.

అత్తకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కొడుతుందనుకున్నాను. మా అమ్మ కూడా అదే అనుకుని అడ్డం రాబోయింది. అత్త ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"కొడుకు గొంతు వినాలని నాకు మాత్రం ఉండదా?" అంది. "మీరు మాట్లాడుకుంటారని రెండు మాట్లకే ఇచ్చేస్తా ఉంటి. నా వంతు కూడా నీకే ఇస్తిని కదే. కడాకి ఏం చెప్పినాడు?"

ఆమె ఏదైనా చెప్పొచ్చు. నిన్నే తలుచుకున్నాడని చెప్పినా సరిపోయేది. అబద్ధం చెప్పు, చెప్పు అని లోపల్లోపల వేడుకున్నాను.

"అమ్మకియ్యి అన్నడు పెద్దమ్మా" అంది. "పైకి పోతున్న, ఒక్కసారి అమ్మకియ్యి అన్నడు. జర ఆగు, ఇంకొక్క మాట అన్న నేనే. గంతల లైను కట్టయింది."

మా అమ్మ నోరు నొక్కుకుంది. ఆ పిల్ల తలొంచుకుని నిలబడింది, దెబ్బ కోసం కాచుకున్నట్టు.

"అమ్మకియ్యి అన్నాడా?" అంది అత్త.

"అన్నడు."

"ఎట్లన్నాడు?"

ఆమె బావ గొంతును, మా ఆనేకల్ యాసను తెచ్చుకుని, "మే, అమ్మకియ్యి" అంది. అచ్చం అతనే. అత్త కళ్లు మూసుకుని విన్నది. తర్వాత ఆ దండ ఆమె చేతుల్లో పెట్టి, పెట్టె దగ్గరికి తనే తీసుకుపోయింది.

దినాలు అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఆమె ఆనేకల్ బస్సెక్కింది. నేను రమ్మనలేదు, అత్త కబురు పెట్టింది. ఆరోజు కూడా మగ్గం ఆపే ఉంది. అన్నం తిన్నాక అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంగొకసారి అను పాపా" అంది.