బాలింతకు అందకుండా దాచిన నీళ్ళు

మా అమ్మాయి పురిటికి దివిసీమలో నా దగ్గరకే వచ్చింది. నెలలు నిండేసరికే చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది, వెంటనే ఒంటికని బయటికి పరిగెత్తేది. ఎండలు కదా, కడుపులో బిడ్డ నొక్కుతోంది కదా అనుకున్నాను.

కాన్పు బందరు ఆసుపత్రిలో సుఖంగానే అయింది. మూడో రోజు ఇంటికి తెచ్చాను. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని నా పురిట్లో మా అత్తగారు నాకు గుక్కలు లెక్కపెట్టి పోసేది. నేనూ అంతే, పూటకో గ్లాసు కాచిన నీళ్ళు ఇచ్చాను.

"నోరు పిడచకట్టుకుపోతోందే అమ్మా. ఇంకొక్క గ్లాసు."

"పదకొండు రోజులు ఓర్చుకో. నేను ఓర్చుకోలేదా? చచ్చానా?"

అయినా ఒంటికి పోవడం తగ్గలేదు. తాగకపోతే అదే తగ్గుతుందిలే అని, బిందె వంటింట్లో పెట్టి గొళ్ళెం వేశాను. మర్నాడు బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నా మా అమ్మాయి ఎత్తుకోలేదు. పిలిస్తే నావైపు చూసి, "ఎవరండీ మీరు?" అంది.

పక్కింటివాళ్ళ ఆటోలో మళ్ళీ బందరు తీసుకెళ్ళాను. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ అడిగింది.

"నీళ్ళు ఎన్ని ఇచ్చారమ్మా?"

నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"నీళ్ళు వదలొద్దని కిడ్నీలకు చెప్పే హార్మోను తలలోంచి వస్తుందమ్మా. కడుపుతో ఉన్నప్పుడు మాయ దాన్ని కరిగించేస్తుంది. కొందరికి మిగిలింది చాలదు, కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు అంతే. కాలవ మీద షట్టర్లు దించే లస్కరు రాకపోతే ఏమవుతుంది?"

"నీళ్ళన్నీ పోతాయండి."

"ఇక్కడా అంతే. పోయేవి పోతున్నాయి, పైనుంచి మీరు ఆపేశారు. ఒంట్లో ఉప్పు పెరిగిపోయింది. గబగబా నీళ్ళు ఎక్కిస్తే మెదడు వాస్తుంది. ఆ ఉప్పును మెల్లగా దించాలి."

మా ఆయన పోయినప్పుడు దేవుణ్ణి తిట్టుకున్నాను. ఈసారి తిట్టుకోవడానికి నేనే ఉన్నాను. సెలైను చుక్క ఆగితే భయం, జోరుగా పడితే భయం. రెండో రోజు అది కళ్ళు తెరిచి "అమ్మా" అనేదాకా నేను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఆ హార్మోనుకు బదులు మాత్రలిచ్చారు. మాత్ర వేసుకున్నాక నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి కాబట్టి, దాహం లేకుండా తాగినా ప్రమాదమేనన్నారు. ఇవ్వకపోయినా చంపుతాను, ఇచ్చినా చంపుతాను. అది అడిగిన ప్రతిసారీ, దాహమేనా అని రెండుసార్లు అడిగి ఇచ్చేదాన్ని.

కొన్ని వారాలకు మాత్రలు ఆపేశారు. ఆపిన మొదటి రోజు మధ్యాహ్నం నీళ్ళడిగింది. ఇచ్చాను. సగం తాగి గ్లాసు దించింది.

"చాలు. మిగతాది నువ్వు తాగు, నీ పెదాలే ఎండిపోయాయి."

బిందె దాని మంచం పక్కనే పెట్టి, ఆ పాత దాహంతో మళ్ళీ చెయ్యి చాస్తుందేమోనని సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను. చాచలేదు.