ఆమెన్ తర్వాత రాగం

ఈ ఉదయం కలకత్తా పక్కనున్న మా సంత్రాగాఛిలో పొగమంచు బాగా పట్టింది. నన్ను పిన్ని వరసలో మాసీ అనే పాప రోజూలా మొదట ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. నేను స్కూలు వ్యాన్ తాళం ఒక మెట్టు తిప్పి, వేడిగాలి మీట పెట్టి, ఇంజను వెయ్యకముందే ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఎక్కడినుంచో సన్నని మూలుగు వినిపించింది. వేడిగాలి తోసే బ్లోయర్ మోటారు మళ్లీ బిగుసుకుందనుకున్నాను. ఆ వెంటనే దీనమ్మత్త గుర్తొచ్చింది.

దీనమ్మత్త మా రైల్వే క్వార్టర్లలో పక్కింటావిడ. చుట్టరికమేమీ లేకపోయినా నాకు అత్తే. భర్త పోయాక ఈ వ్యాన్ నడిపే ఇల్లు నెట్టుకొచ్చింది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆవిడే. నేర్పడమంటే చాలావరకు తిట్టడమే. "ఏటే గుంటా, గేరు మీద అంత కోపమేటి? అది నీ ఆడబిడ్డేటి?" అనేది. ప్రార్థన చెయ్యనిదే ఆవిడ బండి కదిలేది కాదు. చివర్లో ఆమెన్ అనబోయే ముందు ముక్కుతో ఒక రాగం తీసేది. అందులో మాటలుండవు. నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఒక చలికాలం ఆవిడ కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. ఇక వ్యాన్ నేనే నడపాలి. సరిగ్గా ఆ వారమే బ్లోయర్ ఆగిపోయింది. లోపల పిల్లల ఊపిరికి అద్దమంతా మసకబారిపోయేది. నాకు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గుడ్డ. అది చూసి ఒక బెంగాలీ తల్లి, "దారే కనపడని బండిలో మా పాపను పంపను దీదీ" అని అత్తకు తెగేసి చెప్పింది. దాంతో బండి బాగయ్యేదాకా అత్త ఆపరేషన్ వాయిదా వేసేస్తానంది. అప్పటికే ఒకసారి వేసింది. ఇక ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టరు హెచ్చరించాడు. నాకు నిజంగా భయం వేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇద్దరం బండిలో కూర్చున్నాం. నేను అప్పటికే ఫ్యూజు మార్చి చూశాను, లాభం లేకపోయింది. తాళం ఒక మెట్టు తిప్పి, బ్లోయర్ మీట పెట్టి, ఇంజను వెయ్యబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "ముందల ప్రార్ధన" అంది. నాకు ఒళ్లు మండింది. అయినా కళ్లు మూసుకున్నాను. ఆవిడ ఆమెన్ అంది. రాగం మాత్రం ఆగలేదు.

"ఆమెన్ అయిపోనాది కదే. ఇంకా రాగం తీస్తన్నావేటి?"

"నేను కాదత్తా. నువ్వనుకున్నాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్త వంగి డ్యాష్‌బోర్డు కింద చెవి పెట్టింది. "ఓలమ్మో, ఇదేనే పాడతంది! కరెంటొస్తంది, తిరగనేకపోతంది. లోన ఏటో అడ్డడిపోనాది." అంతకుముందు నేను చూసిందంతా ఇంజను మోతలోనే. ఆ మూలుగు నాకెలా వినపడుతుంది?

తాళం తీసేసి, ఎడమవైపు కింద స్క్రూలు విప్పితే మోటారు, గాలి విసిరే చక్రంతో సహా చేతిలోకి వచ్చింది. చక్రం నిండా ఎర్ర ఊలు. ఏ పిల్లాడో పోగొట్టుకున్న మంకీ టోపీని ఎలకలు పీకి లోపల గూడు కట్టుకున్నాయి. ఊలంతా కత్తిరించి లాగేసి, ఇరుసుకు చుక్క నూనె వేసి వేలితో తడితే గిర్రున తిరిగింది. మళ్లీ బిగించి ఇంజను వేశాం. అత్త గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంది. "వత్తందే" అంది. అద్దం కిందినుంచి మెల్లగా తేటపడుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది. ఆ కళ్లతోనే ఆవిడ చివరిదాకా నా డ్రైవింగుకు వంకలు పెట్టింది.

ఇప్పుడు అత్త లేదు. ఈ ఉదయం గాలి వస్తోందో లేదో కూడా చూడకుండా బ్లోయర్ మీట ఆపేశాను. మూలుగు ఆగలేదు. తాళం కూడా తీసేశాను. అయినా ఆగలేదు. వంగి డ్యాష్‌బోర్డు కింద చెవి పెట్టాను.

వెనకనుంచి పాప కిసుక్కున నవ్వింది. "మాసీ, అది బండి కాదు. నువ్వే!"

ఊపిరి బిగబట్టాను. నా ముక్కులోంచి వస్తున్న అత్త రాగం ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పి మీట పెడితే గాలి హాయిగా వచ్చింది. ఆమెన్ అని ఇంజను వేశాను.